ఊకె, వడ్త్యా, వంతల ఎప్పుడూ ఆఖరేనా?



కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టొద్దు.

మన కాలేజీల్లో, హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో, ఆఖరికి మన సంఘం మీటింగుల్లో కూడా ఎక్కడ లిస్టు రాయాల్సి వచ్చినా ఒకటే మాట వింటాం: "ఆల్ఫాబెటికల్ ఆర్డర్ పెట్టేయండి, ఏ గొడవా ఉండదు." నిజమే, గొడవ ఉండదు. ఎందుకుండదంటే వరసలో ముందున్నవాడికి అడగాల్సిన అవసరం లేదు, వెనకున్నవాడికి అడిగే అలవాటు లేదు. గొడవ లేదు కాబట్టి న్యాయం ఉన్నట్టే అనుకుంటే ఎట్లా?

ఈ వరస మన బతుకుల్లో ఎక్కడెక్కడ ఉందో ముందు చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో టెన్త్ మెమోలో మన పేరు ఇంటిపేరుతోనే మొదలవుతుంది. కాలేజీలో చేరగానే చాలా చోట్ల ఇంగ్లిషు అక్షరాల ప్రకారం రోల్ నంబర్లు వేస్తారు. అజ్మీరా, ఆత్రం ఒకటో రెండో. బానోతు, భూక్యా ఆ వెంటే. కుమ్ర, మడకం, మెస్రం నడుమ. సిడాం, సోడె, తెల్లం, తొడసం కిందకి. ఊకె, వడ్త్యా, వంతల, వెడ్మ అట్టడుగున. హాజరు కోసమే అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ నంబరు అక్కడితో ఆగదు. ల్యాబ్ బ్యాచ్ దాని ప్రకారమే, వైవా దాని ప్రకారమే, ప్రాజెక్టు టాపిక్ ఎంచుకోవడం దాని ప్రకారమే. లైబ్రరీ పుస్తకాల సెట్లు పంచినా అదే వరస, అయిపోతే "మిగతావాళ్లు వచ్చే వారం రండి". ఒక్కసారి వేసిన నంబరు మూడేళ్లు మారదు. అంటే ఒకే మనిషి మూడేళ్లూ "మిగతావాళ్లలో" ఉంటాడు.

"ఆఖర్న ఉంటే ఏమైతది? పరీక్ష పరీక్షే కదా" అంటారు. ఏమవుతుందో లెక్క తీసినవాళ్లున్నారు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు తమ దగ్గర ఆన్‌లైన్‌లో దిద్దిన 3 కోట్లకు పైగా గ్రేడింగ్ రికార్డులు తీసి చూశారు. వాళ్లు వాడే క్యాన్వాస్ అనే సాఫ్ట్‌వేర్, ఎవరూ ఏ మార్పూ చేయకపోతే విద్యార్థుల పేపర్లను ఇంటిపేరు అక్షర క్రమంలోనే చూపిస్తుంది. దిద్దేవాళ్లలో చాలామంది అదే వరసలో దిద్దుకుంటూ పోతారు. ఫలితం ఏంటంటే ఏ నుంచి ఈ దాకా ఉన్న ఇంటిపేర్ల వాళ్లకు, వరస కలిపేసి దిద్దినప్పటి కంటే నూటికి 0.3 మార్కు దాకా ఎక్కువ పడింది. యు నుంచి జెడ్ దాకా ఉన్నవాళ్లకు అంతే తగ్గింది. రెండు చివరల మధ్య తేడా 0.6. ఆఖరి పేర్లవాళ్లకు రాసిన కామెంట్లు కూడా మరింత కటువుగా ఉన్నాయని తేలింది. దిద్దేవాళ్లలో కొద్దిమంది జెడ్ నుంచి ఏ వైపు దిద్దారు. వాళ్ల దగ్గర లెక్క తిరగబడింది, ఆఖరి పేర్లకే లాభం వచ్చింది. అంటే తప్పు పేరులో లేదు, పిల్లల తెలివిలోనూ లేదు, దిద్దే వరసలో ఉంది. దిద్దీ దిద్దీ అలసిపోవడమే దీనికి కారణమై ఉండొచ్చని వాళ్లు అంటున్నారు. ఇది మనకు కొత్త విషయమా? సాయంత్రం నాలుగున్నరకి బస్సు టైమ్ చూసుకుంటున్న ఎగ్జామినర్ ముందు వైవాకి నిలబడినవాళ్లను అడిగితే సర్వే అక్కర్లేకుండా చెప్తారు.

"0.6 మార్కుకేనా ఇంత రాత?" అని ఒక అన్న అడుగుతాడని తెలుసు. అన్నా, మనం రాసే పరీక్షల్లో కటాఫ్ ఎంతలో పోతుందో నీకు తెలియదా? పాయింట్ల తర్వాత రెండంకెలు చూసుకుని ఏడ్చినవాళ్లు ఈ గ్రూపులో ఎంతమంది లేరు? పైగా ఒక్క పేపర్లో 0.6 కాదు. ప్రతి ఇంటర్నల్, ప్రతి రికార్డు, ప్రతి వైవా, ప్రతి సెమిస్టర్. అన్నిసార్లూ నష్టం ఒక్కడి వైపే పడితే అది కుప్ప అవుతుంది.

ముందు పిలిస్తేనే మంచిదని కూడా నేను అనడం లేదు. కొన్ని చోట్ల ఇది తలకిందులు. బెల్జియంలో క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఫైనల్ కొన్ని రోజుల పాటు జరుగుతుంది. ఎవరు ఏ రోజు వాయించాలో చీటీలు తీస్తారు. ఆ ఫలితాల మీద 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో మొదటి రోజు వాయించినవాళ్ల కంటే తర్వాతి రోజుల వాళ్లకు మంచి ర్యాంకులు వచ్చాయని తేలింది. జడ్జీలు మొదట్లో చెయ్యి బిగబట్టి, పోను పోను వదులుతారన్నమాట. కాబట్టి ముందుంటే ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం. ఏదైనా సరే, వరస ఫలితాన్ని మారుస్తుంది. అక్కడ కనీసం చీటీ తీశారు. ఈసారి మొదటి రోజు పడినవాడికి ఇంకో పోటీలో ఆఖరి రోజు పడొచ్చు. అక్షర క్రమంలో ఆ అవకాశం లేదు. నష్టం అందరికీ వంతులవారీగా వస్తే దాన్ని అదృష్టం అనుకోవచ్చు. ఎప్పుడూ ఒక్కడికే వస్తే దాన్ని అన్యాయం అంటారు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ నోటిఫికేషన్ మనలో చాలామంది డౌన్‌లోడ్ చేసినవాళ్లమే. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ఏం చేస్తారో అందులో ఉంటుంది, ఎవరూ చదవరు. ఫలానా పేపర్లో మార్కులు చూస్తారు, అక్కడా సమానమైతే పుట్టినతేదీ చూసి పెద్దవాళ్లను పైన పెడతారు, అదీ సమానమైతే పేరు అక్షర క్రమం. దేశ ప్రభుత్వ ఉద్యోగంలో ఎవరు పైన, ఎవరు కింద అనేది ఆఖరికి పేరులో మొదటి అక్షరం తేలుస్తుంది.

"అంతదాకా వచ్చేది ఎంతమందికి?" తక్కువమందికే, ఒప్పుకుంటా. కానీ మనకు ఆ మెట్టు కొంచెం దగ్గర. మన ఊళ్లలో బడికి వేసేటప్పుడు పుట్టినతేదీ ఎవరు రాశారు? చాలామందికి సారే రాశాడు. ఒకే గూడెంలో ఒకే జూన్ తేదీన పుట్టినవాళ్లు ముగ్గురు నలుగురు కనిపిస్తారు. మన అమ్మలు ఒకే రోజు కన్నారా? అడ్మిషన్ రిజిస్టర్ ఒకే రోజు నింపారు, అంతే. పేరు స్పెల్లింగ్ ఎవరు రాశారు? అదీ సారే. అంటే టై పడ్డప్పుడు తేల్చే రెండు కొలతలూ, పుట్టినతేదీ, పేరు, మన చేతిలో లేకుండా ఎవరో ఐదు నిమిషాల్లో రాసినవి.

ఈ స్పెల్లింగ్ దగ్గర కాస్త ఆగుదాం, అసలు విషయం ఇక్కడే ఉంది. కోయల్లో ఊకె అనే ఇంటిపేరు తీసుకోండి. ఒక బడిలో యు తో రాశారు, ఇంకో బడిలో వి తో, మరో చోట రెండు ఓ లతో. అన్నదమ్ముల పిల్లలు ముగ్గురికి మూడు స్పెల్లింగులు. ఓ తో రాస్తే 15వ అక్షరం, యు తో 21, వి తో 22. అదే తెలుగులో రాస్తే ఊ ఆరో అక్షరం, లిస్టులో పైన ఉంటారు. ఈసం వాళ్లను ఈ తో రాస్తే 5, వై తో రాస్తే 25. అటు బానోతు, భూక్యా వాళ్లు ఇంగ్లిషులో రెండో అక్షరం, తెలుగులో బ, భ ఎక్కడో ప వర్గంలో. మనిషి మారలేదు, వంశం మారలేదు, చదువు మారలేదు. లిపి మారగానే, రాసిన చెయ్యి మారగానే, స్థానం మారింది. దీన్ని పట్టుకుని "సహజమైన వరస" అంటే ఎట్లా?

ఇంకో మాట. అక్షరాలకు వరస ఒకటే కాదని మన సొంత లిపులే చెప్తున్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆ పట్టిక తెరిచి చూడండి. అచ్చుల తర్వాత హల్లులు క తో మొదలు కావు. య, వ, బ అని మొదలవుతాయి. ఆ వరసలో లిస్టు రాస్తే వెడ్మ వాళ్లు కుమ్ర వాళ్లకు ముందొస్తారు. సవరల కోసం మంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో మొదటి అక్షరమే స. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో ఇంటిపేరు స్థానంలో "సవర" అనే రాసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎంతోమంది. తెలుగు లిస్టులో వాళ్లు ఆఖర్న, ఇంగ్లిషు లిస్టులో ఎస్ దగ్గర. వాళ్ల సొంత లిపిలో రాస్తే లిస్టు వాళ్లతోనే మొదలవుతుంది.

అట్లాగని రేపటి నుంచి లిస్టులన్నీ గోండిలోనో సొరాలోనో రాయమనడం లేదు. అప్పుడు ఇంకొకరు ఆఖరవుతారు, అంతే. నేను చెప్పేది, ఏ వరసా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో ఒకరు పెట్టినదే. మనుషులు పెట్టినదాన్ని మనుషులు మార్చొచ్చు.

మార్చినవాళ్లున్నారా? ఉన్నారు. 1937లో ఆస్ట్రేలియా సెనేట్ ఎన్నికల్లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి లేబర్ పార్టీ నలుగురు అభ్యర్థులను నిలబెట్టింది. ఆమర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్, ఆష్లీ. నలుగురి ఇంటిపేర్లూ ఏ తోనే! అప్పట్లో బ్యాలెట్‌లో ఎవరు ముందు అనేది అక్షర క్రమమే తేల్చేది. అక్కడ ఓటు తప్పనిసరి కాబట్టి కొంతమంది ఓటర్లు ఎవరు ఏంటని చూడకుండా పైనుంచి కిందకి వరసగా నంబర్లు వేసి పోతారు. దాన్ని వాళ్లు గాడిద ఓటు అంటారు. నలుగురూ గెలిచారు. జనానికి ఆట అర్థమైంది. 1940లో చట్టం మార్చి బ్యాలెట్‌లో పార్టీల వరసను చీటీలు తీసి నిర్ణయించడం మొదలుపెట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంకో పద్ధతి. ప్రతి ఎన్నికకు ముందు 26 అక్షరాలనూ లాటరీ తీసి, ఆ ఎన్నిక వరకు కొత్త అక్షర క్రమం తయారుచేస్తారు. ఒకసారి క్యూ ముందు రావొచ్చు, ఇంకోసారి డబ్ల్యూ.

మన దగ్గర? ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 38 చూడండి. గుర్తింపు పొందిన పార్టీల వాళ్లు ముందు, రిజిస్టరయిన మిగతా పార్టీల వాళ్లు తర్వాత, స్వతంత్రులు ఆఖరు. ఒక్కో గుంపులో మళ్లీ అక్షర క్రమం. ఏ పార్టీ అండా లేకుండా నామినేషన్ వేసే మన గూడెం కుర్రాడు ఎలాగూ మూడో గుంపులోనే ఉంటాడు. ఆ గుంపులోనూ వాడి పేరు మొదటి అక్షరమే వాడి చోటు తేలుస్తుంది.

పీజీ, పీహెచ్‌డీ వైపు పోతున్నవాళ్లకు ఒక ముక్క. ఆర్థికశాస్త్రంలో ఇద్దరు ముగ్గురు కలిసి పరిశోధన రాస్తే పేర్లు అక్షర క్రమంలో వేసుకోవడం ఆనవాయితీ. బయటివాళ్లు మాట్లాడేటప్పుడు మొదటి పేరు చెప్పి "తదితరులు" అంటారు. తదితరుల్లో ఉన్నవాడు ఎంత పనిచేసినా తదితరుడే. ఐనావ్, యారివ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో దీని మీద పేపర్ రాశారు. అమెరికాలో పేరున్న మొదటి పది ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లలో పర్మనెంట్ ఉద్యోగం, ముందు అక్షరాల ఇంటిపేర్లవాళ్లకు దొరికే అవకాశం ఎక్కువగా ఉందని చూపించారు. సైకాలజీలో పేర్లు అక్షర క్రమంలో వేసే ఆనవాయితీ లేదు. అక్కడ ఈ తేడా కనపడలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వరస పెట్టిన చోట తేడా ఉంది, పెట్టని చోట లేదు.

ఇక మీ నుంచి రాబోయే ప్రశ్నలు.

"ఇది అందరి సమస్య కదా, గిరిజనులదే అన్నట్టు ఎందుకు?" అవును, అందరిదీ. యర్రా వాళ్లకీ ఉంది, వేముల వాళ్లకీ ఉంది. మనలోనే అజ్మీరా వాళ్లకు లాభం, వడ్త్యా వాళ్లకు నష్టం. ఆత్రం వాళ్లకు లాభం, తొడసం వాళ్లకు నష్టం. ఇది మన మీద ఎవరో పన్నిన కుట్ర అని నేను చెప్పను, అది అబద్ధం. కానీ ఇంట్లో అడిగే పెద్ద చదువుకున్నవాళ్లున్న పిల్లాడు వైవా సరిగ్గా జరగలేదని హెచ్‌ఓడీ దగ్గరికి పోతాడు, ట్యూషన్ పెట్టించుకుని ఆ మార్కు ఇంకోచోట పూడ్చుకుంటాడు. మన పిల్లాడు ఆఖరి బస్సు పట్టుకుని హాస్టల్‌కి పోతాడు. చిల్లు అందరి బిందెకీ ఒకటే, నిండు బిందెలో తెలియదు, అడుగున నాలుగు గుక్కలున్న బిందెలో తెలుస్తుంది.

"జీవో 3 పోయింది, పోడు పట్టాలు రాలేదు, హాస్టల్లో అన్నం సరిగ్గా లేదు. ఇప్పుడు ఇదా?" 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసినప్పుడు ఏజెన్సీ టీచర్ పోస్టుల్లో మనం ఏం పోగొట్టుకున్నామో నాకూ తెలుసు. ఆ కొట్లాట ఆపమని ఎవరన్నారు? ఆ కొట్లాటకి ఢిల్లీ పోవాలి, లాయర్ కావాలి, ఏళ్లు పడతాయి. దీనికి ఒక గిన్నె, నాలుగు చీటీలు చాలు. మన చేతిలో ఉన్నది మనం చేయకుండా పైవాళ్లను న్యాయం అడిగితే వాళ్లు నవ్వుతారు.

"స్పెల్లింగ్ మార్చుకుంటే పోలా?" పోదు. ఆధార్‌లో ఒకటి, కులం సర్టిఫికెట్‌లో ఒకటి, మెమోలో ఒకటి ఉంటే ఏమవుతుందో మీసేవ చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. పైగా ఇంటిపేరు అంటే మన గోత్రం, మన దేవుడు, మన పెళ్లి సంబంధాల లెక్క. లిస్టులో పైకి రావడానికి దాన్ని ఎందుకు వంచాలి? వంగాల్సింది లిస్టు.

"చీటీలు తీస్తే గందరగోళం అవుతుంది." వెతుక్కోవడానికి అక్షర క్రమం మంచిదే. డిక్షనరీకి మంచిది, ఫోన్‌లో పేరు వెతకడానికి మంచిది. ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవర్ని ముందు పిలవాలి అనేదానికి అది పనికిరాదు. ఈ రెండు పనులకూ ఒకే లిస్టు వాడటమే అసలు తప్పు.

కాబట్టి నేను కోరేవి ఇవి.

ఒకటి. మన సంఘం తరఫున ఏది పంచినా, పుస్తకాలైనా, మాక్ ఇంటర్వ్యూ టైములైనా, క్యాంపు సీట్లైనా, ఇక నుంచి అందరి ముందూ చీటీలు తీయాలి. ప్రతిసారీ కొత్తగా తీయాలి, పాత చీటీల లిస్టు మళ్లీ వాడొద్దు.

రెండు. కాలేజీల్లో ఉన్నవాళ్లు మీ డిపార్ట్‌మెంట్‌లో లెటర్ పెట్టండి. ఒక ల్యాబ్ వైవా ఒకటో నంబరు నుంచి మొదలైతే తర్వాతిది ఆఖరి నంబరు నుంచి, ఆ తర్వాతిది నడుమ నుంచి మొదలుపెట్టాలని అడగండి. పైసా ఖర్చు లేదు. మంచి సార్లు చాలామంది వెంటనే ఒప్పుకుంటారు, వాళ్లకు ఈ ఆలోచన ఎవరూ చెప్పలేదు, అంతే.

మూడు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో టీచర్లుగా ఉన్న మన అన్నలు, అక్కలు ఇంటర్నల్ పేపర్లు దిద్దే ముందు కట్టను పేకముక్కల్లా కలపండి. వీలైతే ఒక ప్రశ్న అందరిదీ దిద్ది, మళ్లీ కలిపి రెండో ప్రశ్న దిద్దండి.

నాలుగు. బడిలో కొత్తగా చేరే పిల్లల పేర్లు రాసేటప్పుడు ఆ ఇంట్లో పెద్దవాళ్ల సర్టిఫికెట్ ఏదైనా ఉంటే చూసి అదే స్పెల్లింగ్ రాయించండి. పుట్టినతేదీకి అంగన్‌వాడీ రికార్డో, ఆసుపత్రి కాగితమో అడగండి. జూన్ నెలలో ఒక తేదీ గుద్దేసే అలవాటు మన తరంతో ఆగిపోవాలి.

ఐదు. టై పడ్డప్పుడు పేరు అక్షరం చూసే నిబంధన తీసేయాలని స్టాఫ్ సెలక్షన్ కమిషన్‌కి వినతిపత్రం పంపుదాం. వేరే కొలత పెట్టొచ్చని రుజువు కావాలంటే పోస్టల్ శాఖ జీడీఎస్ నోటిఫికేషన్ చూడండి. మార్కులు సమానమైతే అక్కడ వయసు చూస్తారు, ఆ తర్వాత ఎస్టీ ట్రాన్స్ మహిళ, ఎస్టీ మహిళ అంటూ వెనకబడ్డవాళ్లను ముందుకు తెచ్చే వరస రాశారు. ఒక శాఖ ఆలోచించి రాయగలిగింది, ఇంకో సంస్థ ఎందుకు రాయలేదు? అదీ కుదరకపోతే లాటరీ పెట్టమందాం. లాటరీకి ఎవరి ఇంటిపేరుతోనూ పని లేదు.

చివరగా అజ్మీరా, ఆత్రం, ఆరిక, బానోతు, బిడ్డిక అన్నలకు, అక్కలకు ఒక మాట. ఈ వరసలో ముందుండటం మీ తప్పు కాదు, మీ మీద ఎవరికీ కోపం లేదు. కానీ ఈ విషయం వెనకున్నవాళ్లు అడిగితే "ఏడుపు" అంటారు, ముందున్నవాళ్లు అడిగితే "న్యాయం" అంటారు. అందుకే వినతిపత్రం మీద మొదటి సంతకాలు మీవి కావాలి. ఆ తర్వాత సంతకాలు ఏ వరసలో పెట్టినా పర్వాలేదు, ఆల్ఫాబెటికల్ ఒక్కటి తప్ప.

జోహార్.